ఏమీ బతకని బావి

ముందు ఆ నవ్వు ఆపు. దయ్యం కథ అనగానే పళ్లికిలిస్తావు, రాత్రి ఒంటరిగా పెరట్లోకి పొమ్మంటే పక్కవాణ్ణి లేపుతావు. అది తప్పనను. భయం ఎవరికైనా ఉంటుంది. నీ తప్పు వేరే. చూడనిదాన్ని చూశానని రాస్తావు, పోని చోటికి పోయానని సంతకం పెడతావు, అడిగితే "అందరూ చేసేదే గదా" అంటావు. అట్లాంటి సంతకాల చాటునే దయ్యాలు కాపురం పెడతాయి. నమ్మవా? అయితే విను. బగ్దల్ ఊరి అంబాదాస్ నాతో చెప్పింది చెప్పినట్టే చెబుతాను. అందులో అతను తన తప్పు కూడా దాచుకోలేదు. అందుకే నేను నమ్మాను.

బీదర్ ఊరి బయట ఒక మందుల ఫ్యాక్టరీ ఉండేది. పేరెందుకు. దాని వెనక గోడ దాటితే బీడు. ఆ బీడులో ఒక సురంగ బావి.

సుల్తానుల కాలంలో నేల కింద సురంగం తవ్వి, ఎత్తు మీద ఊరిన నీటిని కిందికి నడిపించారు. దారి పొడుగునా గాలికీ, చేదుకోవడానికీ పైకి నోళ్లు వదిలారు. చూస్తే వేరువేరు బావుల్లా ఉంటాయి. కింద మాత్రం అన్నీ ఒకే సురంగం. ఆ నీళ్లే కిందున్న కుంటవాడ అనే చిన్న పల్లెకు ఆధారం.

ఫ్యాక్టరీ వెనక ఉన్న నోటికి చెడ్డపేరు. తవ్వేటప్పుడు కప్పు కూలి పన్నెండుమంది కూలీలు లోపలే ఉండిపోయారట. అర్ధరాత్రి దాటాక వాళ్ల పని మళ్లీ మొదలవుతుందట. "పట్టు... మెల్లగ... ఇడువు..." అని కింది నుంచి గొంతులు వస్తాయట. ఆ గొంతు నీ పేరు పెట్టి మూడుసార్లు పిలిచిందా — నువ్వూ ఆ కూలికి పోవలసిందేనట.

జీవరాజ్‌కు ఈ కథలంటే మంట. జనవాడ ఊరి పిల్లవాడు, గుల్బర్గాలో సూక్ష్మక్రిముల చదువు చదివి ఆ ఫ్యాక్టరీలో మైక్రోబయాలజిస్టుగా చేరాడు. గాలిలో, నీటిలో, పనివాళ్ల చేతుల మీద ఎన్ని క్రిములు ఉన్నాయో చూసి రాయడం అతని పని. ఒక మిల్లీలీటరు నీటిని గాజుపళ్లెంలో పోసి, పైన క్రిములకు తిండి పోసి, వెచ్చటి పెట్టెలో పెడతారు. మూడు రోజులకు బతికున్న ఒక్కో క్రిమీ ఒక్కో చుక్కై పైకి తేలుతుంది. ఆ చుక్కలు లెక్కపెట్టాలి. ఐదువందలు దాటితే ఫెయిల్, దాటకపోతే పాస్.

సురంగ బావి నీళ్లు మందుల్లో కలవవు. నేల కడగడానికి, తోటకు వాడతారు. అయినా వారానికోసారి పరీక్ష తప్పదు. ఆ మోటారుకు కరెంటు రాత్రి పదకొండు దాటాకే వచ్చేది. కాబట్టి శాంపిలు కూడా రాత్రే పట్టాలి. అది అంబాదాస్ పని. ల్యాబులో గాజు సామాను కడిగే యాభై ఏళ్ల మనిషి.

ఎప్పుడూ రెండువందలో, మూడువందలో చుక్కలు వచ్చే ఆ నీటిలో ఒక వారం ఒక్కటీ రాలేదు. రెండో వారమూ లేదు. పళ్లెం అద్దంలా ఉంది.

జీవరాజ్ అంబాదాస్‌ను పిలిచాడు.

"అన్నా, నిజం చెప్పు. బాయి కాడికి పోయినవా, క్యాంటీన్ నల్లా కాడనే నింపుకొచ్చినవా?"

క్యాంటీన్ నల్లాలో క్లోరిన్ కలిపిన నీళ్లు వస్తాయి. అందులో ఏ క్రిమీ బతకదు.

అంబాదాస్ బూట్ల వంక చూశాడు. "పానం తీపి సారూ... రెండువారాలు నల్లా నీళ్లే తెచ్చిన."

"మరి రిజిస్టర్ల టైము ఎట్ల రాసినవు?"

"చేత్తోనే రాసిన."

"నవ్వొస్తుందా నీకు?"

"ఏడుపొస్తుంది సారూ. పోయిన నెల ఆడ గొంతులిన్న. పట్టు, ఇడువు అంటున్నరు. నా పెండ్లాం పుస్తె మీదొట్టు."

జీవరాజ్ తిట్టవలసినంతా తిట్టాడు. ఆ రెండు రిపోర్టులూ అబద్ధమని రాసి కొట్టేశాడు. మూడో వారం అంబాదాస్ వాచ్‌మన్ మల్లప్పను వెంటబెట్టుకుని, బావి దగ్గరికే పోయి, సీసా నింపుకుని పరుగెత్తుకొచ్చాడు.

మూడు రోజుల తర్వాత చూస్తే — సున్నా.

నాలుగో వారం, ఐదో వారం... సున్నా.

జీవరాజ్‌కు నిద్రపట్టలేదు. తెరిచి ఉన్న బావి. ఆకులు పడతాయి, పిట్టలు రెట్టలు వేస్తాయి. అందులో చుక్కలు ఎక్కువైతే ఒక అర్థం ఉంది. ఒక్కటీ లేకపోవడమేమిటి? క్రిమి కూడా బతకని నీటిని మనిషి ఎట్లా తాగుతాడు?

ఆ మాటే తీసుకుని గుండేరావు దగ్గరికి పోయాడు. ఫ్యాక్టరీకి వచ్చే నీళ్లు, ఫ్యాక్టరీ నుంచి పోయే వ్యర్థాలు, రెండూ గుండేరావు చేతికిందే. నీటి రిపోర్టు మీద ఆఖరి సంతకం అతనిదే.

"సున్నా అంటే మంచిదే గదా జీవరాజ్! పండుగ చేస్కో."

"సార్, అది శుద్ధి చేసిన నీరు గాదు, పచ్చి బాయి నీరు. దాంట్ల ఏదో కలుస్తుంది. అందుకే అన్నీ సస్తున్నయి."

"ఐదువందలు దాటిందా?"

"లేదు సార్. కని..."

"మరి ఫారంల ఫెయిల్ అని ఏ గడిల రాస్తవు? సూపియ్యి."

జీవరాజ్ ఫారం వంక చూశాడు. ఎక్కువైతే రాయడానికి గడి ఉంది. తక్కువైతే రాయడానికి లేదు.

"దిమాక్ ఖరాబు చేస్కోకు," అని గుండేరావు గుట్కా దగ్గు దగ్గి, కండువాతో మూతి తుడుచుకున్నాడు. "ఇంకోమాట. ఆ జాగ మంచిది గాదు. నేనే చెవులార ఇన్న. రాత్రిపూట నువ్వు పోకు. పెండ్లి గావల్సినోడివి."

జీవరాజ్ అదే మాట మూడుసార్లు రాసి ఇచ్చాడు. మూడుసార్లూ కాగితం వెనక్కి వచ్చింది. పై మేనేజరు దగ్గరికి పోతే, "గుండేరావు సంతకం తెచ్చుకో" అన్నాడు. గోడకు తల కొట్టుకున్నట్టయింది.

అంతకన్నా పెద్ద దెబ్బ మల్లప్ప చెప్పిన మాట. మల్లప్పది కుంటవాడే. అక్కడ పిల్లలకు ఒళ్లంతా దద్దుర్లు, మూడు చూడి బర్రెలు ఈసుకుపోయాయి, దూడలు కడుపులోనే పోయాయి. వాడవాళ్లు ఫ్యాక్టరీకి వచ్చి అడిగితే గుండేరావు ఒక కాగితం చేతిలో పెట్టి పంపాడట. "ఈ నీటిలో ఒక్క క్రిమి కూడా లేదు" అని. కింద జీవరాజ్ సంతకం.

తను నిజాయితీగా లెక్కపెట్టి రాసిన సున్నా! దాన్ని చూసి ధైర్యంగా తాగుతున్నారు!

ఆ మంగళవారం రాత్రి జీవరాజ్ సీసా తనే చేతిలోకి తీసుకున్నాడు. మల్లప్ప వెనక గేటు తీసి, తోడొచ్చిన అంబాదాస్‌తో పాటు అక్కడే ఆగిపోయాడు.

"నేనీడనే ఉంట సారూ. పిలిస్తే... పలుకుత."

అమావాస్య దగ్గరపడిన రాత్రి. టార్చి వెలుగులో కాలిబాట మాత్రమే కనిపిస్తోంది. బీడంతా కీచురాళ్ల రొద.

బావికి పది అడుగుల దూరంలో ఆ రొద ఆగిపోయింది.

ఒక్క పురుగు లేదు. టార్చి వెలుగుకు దోమ కూడా రాలేదు. గట్టు మీద ఒక కప్ప... వెల్లకిలా పడి ఉంది.

మోటారు నడుస్తోంది. పైపుకున్న నల్లా కింద చిన్న గుంట, అందులో నీళ్లు. పద్ధతి ప్రకారం శాంపిలు పట్టేముందు స్పిరిట్ దూదిని వెలిగించి నల్లా మూతిని కాల్చాలి. బయట అంటుకున్న క్రిములు సీసాలోకి రాకుండా. భయంతో ఉరుకులు పెట్టే అంబాదాస్ ఈ పని ఒక్కనాడూ చేయలేదని తర్వాత తెలిసింది. చేసి ఉంటే ఈ కథ మొదటి వారమే ముగిసేది.

జీవరాజ్ పట్టుకారుతో దూది పట్టుకుని అగ్గిపుల్ల గీశాడు. నల్లా మూతిని కాల్చాడు. మండుతున్న దూదిపింజ ఒకటి జారి గుంటలో పడింది.

ఆరిపోవాలి గదా?

నీళ్లు అంటుకున్నాయి.

నీలిరంగు మంట... గుంట ఈ చివరి నుంచి ఆ చివరికి పాకింది. చప్పుడు లేదు, పొగ లేదు. నీటి మీద మంట నడుస్తోంది!

జీవరాజ్ వెనక్కి పడ్డాడు. అదే క్షణాన కరెంటు పోయింది. మోటారు మూలిగి ఆగింది. గుంటలో మంట కూడా సన్నబడి ఆరింది. ఇక చీకటి, నిశ్శబ్దం.

అప్పుడు బావి లోపలినుంచి...

"పట్టు..."

గొంతు నీటి అడుగు నుంచి వచ్చినట్టుంది.

"మెల్లగ... మెల్లగ... ఇడువు..."

ఇనుము రాతికి ఒరుసుకున్న చప్పుడు. తర్వాత దబ్బుమని ఏదో నీటిలో పడింది.

జీవరాజ్‌కు చదివిన చదువు ఒక్క అక్షరం గుర్తులేదు.

"జీవరాజ్..."

కింది నుంచే.

"జీవరాజ్..."

రెండు. అతను చెవులు మూసుకున్నాడు. మూసుకున్నా వినబడింది.

"జీవరాజ్! ఎన్నిసార్లు చెప్పాలె, ఆ పురుగులు లెక్కవెట్టేటోడు! ఇయ్యాల రాత్రి డ్యూటీల ఉన్నడట. జల్ది కానియ్యుండ్రి, ఇంక నాలుగు డ్రమ్ములున్నయి."

ఆ వెంటనే దగ్గు. గుట్కా నమిలేవాడి దగ్గు. ఫ్యాక్టరీలో అందరికీ తెలిసిన దగ్గు.

జీవరాజ్ చెవుల మీది చేతులు తీశాడు. భయం పోయింది. దాని చోట్లోకి వచ్చినది భయంకన్నా వేడిగా ఉంది. సురంగం అంతా ఒకటే గదా. ఎగువ నోటి దగ్గర మాట్లాడిన మాట దిగువ నోటిలోంచి వస్తుంది!

గుంటలో సీసా ముంచి నింపుకుని, టార్చి ఆర్పేసి, వెనక్కి పోయి మల్లప్పనూ అంబాదాస్‌నూ వెంటబెట్టుకుని, రోడ్డు దాటి ఎగువకు నడిచాడు. మూడో నోటి దగ్గర ఒక లాంతరు, ఒక ట్రాక్టర్ ట్రాలీ. ఇద్దరు కూలీలు డ్రమ్ములకు తాడు కట్టి వంచుతున్నారు. మందులు తయారయ్యాక మిగిలిన సాల్వెంటు, అగ్గి తగిలితే మండే విషపు ద్రావకం, గొంతు కోసే తియ్యటి వాసన. శుద్ధి చేయడానికి ఫ్యాక్టరీ ఇచ్చే డబ్బు ఎవరి జేబులోకి పోతోందో అడగక్కర్లేదు. ముక్కుకు కండువా కట్టుకుని గట్టు మీద నిలబడింది గుండేరావు.

"గీయననే గదా మనకు ఆ పన్నెండుమంది ముచ్చట మొదలు చెప్పింది," అని మల్లప్ప గుసగుసలాడాడు. "మా తాత ఈ బాయిల రాత్రిపూట ఈతగొట్టేటోడు. అప్పుడు ఏ దయ్యమూ లేదు."

తెల్లవారి జీవరాజ్ గుండేరావు ముందు నిలబడ్డాడు. అతను తొణకలేదు.

"ఎవ్వరికి చెప్తవు? నీళ్లు పాస్ అని రాసిందెవరు? నీ సంతకమే. నేను మునిగితే నువ్వు గూడ మునుగుతవు బిడ్డా. నోరు మూస్కో, నౌకరీ చేస్కో."

మూడేళ్ల నౌకరీ, ఇంటి దగ్గర ఇద్దరు చెల్లెళ్ల చదువు. జీవరాజ్ బల్ల మీది ఫారం తీసుకున్నాడు. గడులన్నీ వదిలేసి, అడ్డంగా పెద్ద అక్షరాలతో రాశాడు: "ఈ నీటిలో ఏదీ బతకడం లేదు. తాగరాదు." సంతకం పెట్టాడు. ఆ కాగితమూ, రాత్రి నింపిన సీసా రెండూ పట్టుకుని నేరుగా కుంటవాడకు పోయాడు. ఆ సాయంత్రమే అతని నౌకరీ పోయింది.

ఆదివారం వాడ బడి వరండాలో పంచాయతీ కూర్చుంది. తాలూకా నుంచి ఒక అధికారి వచ్చాడు. గుండేరావు కూడా వచ్చాడు, చేతిలో పాత కాగితంతో.

"సూడుండ్రి. ఒక్క క్రిమి లేదు. గిదంతా నౌకరీ పోయినోని కడుపుమంట."

అంబాదాస్ లేచి నిలబడ్డాడు. తను దొంగ శాంపిళ్లు తెచ్చింది, దొంగ టైములు రాసింది అందరి ముందూ ఒప్పుకున్నాడు. తర్వాత ఆ రాత్రి చూసింది చెప్పాడు.

"తాగుబోతు మాటలు!" అన్నాడు గుండేరావు.

అప్పుడు మల్లప్ప తల్లి తాయవ్వ లేచింది. డెబ్బై ఏళ్ల ముసలిది. బావి నుంచి అప్పుడే చేదిన నీళ్లు, ఇత్తడి గ్లాసులో నిండా పోసి, గుండేరావు ముందు పెట్టింది.

"దూరంకెల్లి వచ్చినవు కొడుకా. ఎండబడి వచ్చినవు, దూపయి ఉంటది. తాగు."

గుండేరావు గ్లాసు వంక చూశాడు. చెయ్యి చాచాడు... వేళ్లు ఇత్తడికి తగిలాయి. నుదుటి మీద చెమట. మళ్లీ చెయ్యి వెనక్కి పోయింది.

"నాకు... దూప లేదవ్వా."

"మా పోరగాండ్లకు రోజూ అయితది బిడ్డా," అంది తాయవ్వ.

అధికారి పెన్ను తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు.

కేసు నాలుగేళ్లు నడిచింది. ఫ్యాక్టరీవాళ్లు తప్పంతా గుండేరావు మీదికి తోసి చేతులు కడుక్కున్నారు. అతని నౌకరీ పోయింది, ఇల్లు అమ్ముడుపోయింది, రెండేళ్లు జైల్లో ఉన్నాడు. సురంగంలో మళ్లీ కప్పలు అరవడానికి అంతకన్నా ఎక్కువ కాలమే పట్టింది. జీవరాజ్ హుమ్నాబాద్‌లో చిన్న ల్యాబు పెట్టుకున్నాడు, అంబాదాస్ అక్కడే పనిచేశాడు.

గుండేరావు శిక్ష అక్కడితో తీరలేదు. మన దిక్కు శత్రువు గడపెక్కినా ముందు చెంబెడు నీళ్లిచ్చి, ఆ తర్వాత మాట్లాడతాం. జైలు నుంచి వచ్చాక నిర్ణా ఊళ్లో సొంత మేనకోడలి పెళ్లికి పోయాడట. విస్తరి వేశారు, అన్నం వడ్డించారు, పప్పు పోశారు. వరసలో అందరి ముందూ గ్లాసు పెట్టుకుంటూ వచ్చిన మనిషి, అతని దగ్గరికి రాగానే దాటి పక్కవాడి ముందు పెట్టాడు. ఎవరూ తిట్టలేదు. ఎవరూ ఏమీ అనలేదు. అతను ముద్ద గొంతుకు అడ్డంపడి దగ్గుతూనే లేచిపోయాడు.

చచ్చేదాకా ఆ చుట్టుపక్కల ఏ గడపలోనూ అతనికి నీళ్లు పుట్టలేదు.