ఫైండ్ బాక్సులో గొడుగు

నరసరావుపేట స్టేషన్ రోడ్డులో ఉన్న ప్రభావతి డీటీపీ సెంటర్లో భానుప్రకాష్ ఆపరేటరుగా చేరిన మొదటి వారంలోనే అక్కడి కంప్యూటరు అతన్ని పలకరించింది.

పలకరించిందంటే నోరు తెరిచి కాదు. పొద్దున వినుకొండ నుంచి పాసింజరు రైలు దిగి, షాపుకొచ్చి మానిటరు ఆన్ చేశాడు. తెర మీద నిన్నటి ఫైలు ఉంది. దాని పైన ఫైండ్ బాక్సు తెరిచి ఉంది. కంట్రోల్ ఎఫ్ నొక్కితే వస్తుందే, వెతకాల్సిన మాట కొట్టే చిన్న పెట్టె, అదే. అందులో ఒక మాట ఉంది.

"ఉన్నావా"

భాను కొట్టలేదు. నిన్న అతను చివరగా వెతికిన మాట "బావమరిది". రిటైర్డు హెడ్మాస్టరు ఒకాయన తన ఆత్మకథ టైపు చేయిస్తున్నాడు. బావమరిదితో మాటా మాటా పెరిగిందట, "వాడి పేరు యాడున్నా పీకెయ్ నాయనా" అని ఫోన్ చేశాడు. తరవాతది చూపించే ఎఫ్ త్రీ నొక్కుకుంటూ పుస్తకమంతా తిరిగి ఆ బావమరిదిని పీకేసి ఇంటికెళ్ళాడు భాను.

ఇప్పుడు ఇదేమిటి? పైగా అడిగినవాళ్ళు మాట కొట్టి ఊరుకున్నారు. ఎంటర్ నొక్కలేదు.

"బాబాయ్, నేను లేనప్పుడు ఈ సిస్టమ్ ఎవరన్నా ముట్టుకుంటారా?" అని ఓనరు పుల్లారావుని అడిగాడు.

పుల్లారావు పేపర్లోంచి తలెత్తలేదు. "మీ పిన్ని తప్ప ఎవరూ ముట్టుకోరు."

పిన్నంటే పుల్లారావు భార్య ప్రభావతి, గోడ మీద ఫొటోలో, గంధపు దండ వెనక ఉంది. పోయి ఏడాది దాటింది. బతికున్నన్నాళ్ళూ ఈ కుర్చీలో కూర్చుని ఈ కీబోర్డు మీదే ఊళ్ళోవాళ్ళ శుభలేఖలన్నీ కొట్టిందట.

ఇంకొకడైతే మధ్యాహ్నం రైలుకే చెక్కేసేవాడు. మనవాడికి భయం ఎంతో కుతూహలం అంతకు రెండింతలు. సాయంత్రం వెళ్ళేముందు ఫైండ్ బాక్సు తెరిచి "ఉన్నాను" అని కొట్టి వదిలేశాడు.

మర్నాడు అందులో "నువ్వెవరు" అని ఉంది.

"భాను" అని రాశాడు.

"అచ్చుతప్పుల భానువా?"

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. నిజమే, నాలుగు రోజులుగా అతని తప్పులు ఎవరో దిద్దుతున్నారు. ఒత్తులు సరిగ్గా కూర్చుంటున్నాయి, వదిలేసిన బావమరుదులు కూడా మాయమవుతున్నారు. తానే బాగుపడుతున్నానని ఇన్నాళ్ళూ మురిసిపోయాడు, పిచ్చివాడు.

ఆ రోజు నుంచి ఆ పెట్టె వాళ్ళిద్దరిదీ అయింది. ఫైల్లో వాళ్ళ మాట ఒక్క అక్షరం ఉండేది కాదు. కంట్రోల్ ఎఫ్ కొడితేనే మాట. "కోపమా?" అంటే "జాలి" అని వచ్చేది. "పేరు?" అంటే "చెప్పను". "ఒకసారి చూడాలి" అంటే "చూస్తే భయపడతావు".

పాసింజర్లో కిటికీ పక్కన కూర్చుని భాను ఆ జవాబులు తలుచుకుని నవ్వుకునేవాడు. ఎదుటి సీట్లో ముసలమ్మలు జాలిగా చూసేవాళ్ళు.

పక్క జెరాక్సు షాపు జోయెల్‌కి విషయం చెప్పకుండా ఉండలేకపోయాడు. జోయెల్ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఒరేయ్, నువ్వు లైనేస్తంది ఎవరికో తెలుసా? మా ప్రభావతి ఆంటీకి! ఆమెకి అరవై రా!"

"వయసుదేముందిరా..."

"వయసు సంగతి దేవుడెరుగు, అసలు మనిషే లేదు గదరా!"

భాను నవ్వాడు కానీ, షాపులోకి తిరిగెళ్ళాక గోడ మీది ఫొటో వైపు చూడలేదు.

ఒకరోజు పుల్లారావు పొలం పని మీద ఊరెళ్ళాడు. భాను షాపుకి తాళం వేసి, జోయెల్ దగ్గర అన్నం తిని వచ్చాడు. హెడ్మాస్టరు గారి కోసం ఏదో వెతకబోయి కంట్రోల్ ఎఫ్ నొక్కితే పెట్టెలో "గొడుగు" అని ఉంది.

బయట మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతోంది. బీరువా వెనక చూస్తే పాత నల్ల గొడుగు ఒకటి, పిడికి పసుపు దారం చుట్టి ఉంది. నవ్వుకుంటూనే సాయంత్రం దాన్ని పట్టుకెళ్ళాడు. వినుకొండలో రైలు దిగాడో లేదో, ఆకాశం చిల్లు పడ్డట్టు కురిసింది. స్టేషన్ బయట జనమంతా తడిసి ముద్దవుతుంటే భాను ఒక్కడే పొడిగా నిలబడ్డాడు.

నేను తడుస్తానని ఒకరు అనుకున్నారు. ఆ ఆలోచనకి అతని గుండె నిండిపోయింది. మనిషో, దెయ్యమో, అతను ఆమెని ప్రేమించేశాడు. తాళం వేసిన షాపులో ఆ మాట ఎలా వచ్చిందన్న అనుమానం ఆ సంతోషంలో అతనికి రానేలేదు.

సుఖంగా ఉన్న ప్రాణానికి తానే చేటు తెచ్చుకున్నాడు. సిస్టమ్ ఊరికే హ్యాంగ్ అవుతోంది, కొత్తది కొనమని చేరిన రోజే పోరు పెట్టాడు. ఆ శనివారం పుల్లారావు చల్లగా చెప్పాడు. "సోమవారం పాత సామాన్ల సర్దార్ వచ్చి పాతది పట్టుకపోతాడు లేరా అబ్బాయ్. ఇక నీ గోల తీరిద్ది."

అది పోతే పెట్టె పోతుంది. పెట్టె పోతే ఆమె పోతుంది, పేరైనా తెలియకుండా. గబగబా కంట్రోల్ ఎఫ్ నొక్కాడు. "సోమవారం దీన్ని తీసుకెళ్తున్నారు. నిన్ను చూడకుండా ఉండలేను."

ఆదివారం సెలవైనా పరుగున వచ్చి చూశాడు.

"రేపు తెల్లారకముందు రా. షాపు పక్క తలుపు తీసి ఉంటది. లైటు వెయ్యకు. గట్టిగా మాట్లాడకు."

"పోవద్దురా," అన్నాడు జోయెల్. "కనీసం మా చర్చి నుంచి నూనె తెస్తా, రాసుకుని పో." ఆ రాత్రి భాను జోయెల్ షాపులోనే పడుకున్నాడు.

ఇంకా చీకటి ఉండగానే సన్నగా వాన మొదలైంది. పక్క తలుపు తోశాడు. లోపల టకటకమని కీబోర్డు చప్పుడు వినిపిస్తోంది. ప్రభావతి కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నారు. తెల్లటి చున్నీ, వీపు మీద జడ, తెర వెలుతురు తప్ప ఇంకేమీ లేదు. భాను గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

కుర్చీ తిరిగింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. పెద్ద కళ్ళు, ముక్కు మీద అద్దాలు.

"నువ్వు... మనిషివేనా?" అన్నాడు.

"నీ ఒత్తులు దిద్దటానికి దెయ్యం దిగిరావాలా? దానికి వేరే పనుండదా?" గుసగుసగా అంది.

భానుకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నోరు తెరవబోతే ఆ పిల్ల పెదాల మీద వేలు పెట్టింది. షాపు వెనకే పుల్లారావు ఇల్లు. లోపలి తలుపు అవతల గ్లాసు చప్పుడైంది. పుల్లారావు గొంతు వినిపించింది.

"ప్రభా, జల్లు కొడతంది. కిటికీ రెక్క వెయ్యి."

పిల్ల మాట్లాడకుండా లేచి కిటికీ మూసి, వచ్చి కూర్చుంది. ఆమె మనిషో కాదో భానుకి మళ్ళీ అనుమానమొచ్చింది.

"ప్రభావతి మా పెద్దమ్మ. నేను పూర్ణిమని, మేడ మీద గదిలో ఉండి బీఈడీ చదువుతున్నా," అంది చెవి దగ్గర. "పెద్దమ్మ పోయాక పెదనాన్న అన్నం మానేశాడు. ఓరోజు పొద్దున్నే రికార్డు టైపు చేసుకుందామని వచ్చి కూర్చున్నా. ఈ చప్పుడు విని, 'ప్రభా, కాఫీ తాగావా' అన్నాడు. కాదని చెప్పటానికి నాకు నోరు రాలా. ఆ రోజు కడుపునిండా తిన్నాడు. అప్పటి నుంచి రోజూ వస్తన్నా."

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "రేపటి నుంచి ఈ చప్పుడు లేకపోతే ఆయన ఏమైపోతాడో. కొత్తది వద్దని నువ్వే చెప్పాలి భానూ."

"చెప్తా. నువ్వు మొదట 'ఉన్నావా' అన్నావు చూడు, ఆ రోజే..."

"నేనా? నేను మొదట చూసిందే నువ్వు రాసిన 'ఉన్నాను'. హడలిపోయి 'నువ్వెవరు' అన్నా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాన చప్పుడు పెద్దదైంది. లోపలి తలుపు గడియ నెమ్మదిగా కదిలింది.

పుల్లారావు గుమ్మంలో నిలబడ్డాడు, చేతుల్లో రెండు కాఫీ గ్లాసులతో.

"ఆ మాట అడిగింది నేనే అమ్మాయ్," అన్నాడు.

పూర్ణిమ లేచి నిలబడింది. "పెదనాన్నా..."

"మీ పెద్దమ్మ నాకు నేర్పిన కంప్యూటరు అదొక్కటే. ఏదన్నా కనపడకపోతే కంట్రోల్ ఎఫ్ కొట్టు, అదే వెతికి పెట్టిద్ది అనేది. ఓరోజు నువ్వు కాలేజీకి పొయ్యాక కూర్చుని, ఒక్కో అక్షరం ఏరుకుని కొట్టా. ఎంటర్ మాత్రం నొక్కలేకపొయ్యా. కనపడలేదని చెబుద్దేమోనని."

"మరి పొద్దున చప్పుడు పెద్దమ్మదే అనుకున్నావుగా?"

"ముప్పై ఏళ్ళు విన్నా దాని చెయ్యి. రెండో రోజే తెలిసింది నువ్వని. తెలిసినా, ఎవరో ఒకరు ఉన్నారులే అని చానా హాయిగా ఉండేది. అందుకే పిలిచేవాణ్ణి."

పూర్ణిమ వెళ్ళి ఆయన్ని పట్టుకుని ఏడ్చేసింది. పుల్లారావు కాఫీ ఒలక్కుండా చేతులు పైకెత్తి నిలబడి, భాను వైపు చూశాడు. "ఏందిరా చూస్తన్నావ్? ఇయ్యి అందుకో. ఒకటి నీది, ఒకటి దానిది. సర్దార్‌ని రావద్దని ఫోన్ చేస్తాలే. పెట్టెలో మీ మాటలు నేనూ చూశాలే, ఇక నుంచి లైటేసుకునే మాట్లాడుకోండి. మీ అమ్మానాన్నలతో ఎప్పుడు మాట్లాడాలో అది కూడా చెప్పు."

భాను సిగ్గుపడుతూ గ్లాసు అందుకున్నాడు. పూర్ణిమ అద్దాలు తుడుచుకుంటూ నవ్వింది. ఆ నవ్వు చూసి అతనికి ధైర్యమొచ్చింది.

"నేను పడిపోయింది మాత్రం గొడుగు రోజే," అన్నాడు. "అంత ఎండలో వానొస్తదని ఎట్లా తెలిసింది నీకు?"

"ఏ గొడుగు?"

"మధ్యాహ్నం పెట్టెలో రాశావుగా."

"మధ్యాహ్నం నేను కాలేజీలో గదా ఉంటా."

భాను పుల్లారావు వైపు తిరిగాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నేనా రోజు ఇంటికి తాళమేసి పొలం పొయ్యా. షాపు తాళం నీ దగ్గరేగా ఉంది."

పుల్లారావు వెళ్ళి భాను వస్తూ తలుపు పక్కన ఆనించిన నల్ల గొడుగు తీశాడు. పిడికున్న పసుపు దారాన్ని బొటనవేలితో నిమిరాడు.

"ఇది దానిదే," అన్నాడు. "వానొచ్చే రోజు గొడుగు లేకుండా ఎవర్నీ గడప దాటనిచ్చేది కాదు."

గొడుగు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాడు. తరవాత ప్రభావతి కుర్చీలో కూర్చుని, కంట్రోల్ ఎఫ్ నొక్కి, ఒక్కో అక్షరమే ఏరుకుంటూ "ఉన్నావా" అని కొట్టాడు. ఈసారి ఎంటర్ నొక్కాడు.