అలలు వద్దు, ఆకులు వద్దు

“నిన్న ఆకుల డిజైన్ అన్నారు కదా,” అన్నాడు బొంతలు కుట్టే అతను, మెషీన్ ఆపి.

“ఇవాళ వద్దనిపిస్తోంది.”

“మొన్న అలలు. అంతకుముందు సుడులు. నేనూ మనిషినే మేడమ్.”

“అందుకేగా, మెషీన్‌ని కాకుండా మిమ్మల్ని అడుగుతున్నాను,” అందామె తాపీగా.

అతనికి కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది.

జనం గుడ్డముక్కలు అతికి తెచ్చిన బొంతలకు దూది పరిచి, అడుగున గుడ్డ వేసి, మూడూ కదలకుండా పైన డిజైన్ కుట్టివ్వడం అతని పని. చాలామంది క్యాటలాగ్‌లో ఒక బొమ్మ చూపించి వెళ్ళిపోతారు. ఈమె మాత్రం ఆఫీసు వదలగానే వచ్చి, కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని పేజీలు తిప్పుతుంది. చీకటి పడ్డాక, ఏదీ తేల్చకుండానే లేస్తుంది.

ఆమె వెళ్ళాక గది ఉన్నట్టుండి బోసిపోయేది. అతను ఒక్కడే తిని, ఆ గదిలోనే ఓ మూల పడుకునేవాడు. రోజంతా మెషీన్ చప్పుడే తప్ప మనిషి మాట వినిపించదన్న సంగతి అతనికి ఈమధ్యే తెలిసొచ్చింది.

ఓ సాయంత్రం వానకి తడిసి వచ్చిందామె. అతను తువ్వాలు అందించి, బొంతను బల్ల మీద పరిచాడు.

“ఇవాళ తేల్చేద్దాం. ఇంతకీ ఎవరికిది?”

“నాకే. అక్కా నేనూ కలిసి మొదలుపెట్టాం. ఈ నీలం వైపంతా అక్క కుట్టింది. వంకరటింకరగా ఉందని ఏడిపించేదాన్ని.” ఆ కుట్టు మీద వేలు ఆనించింది. “పోయినేడు అక్క పోయింది. మిగతాది నేనొక్కదాన్నే అతికాను. మీ డిజైన్లు బాగానే ఉన్నాయి. కానీ వాటి కింద ఇది కనపడకుండా పోతుందేమోనని...”

అతను వంగి ఆ కుట్టును దగ్గరగా చూశాడు. ఇన్నాళ్ళూ ఆమెది ఉత్త చాదస్తమనుకున్నాడు.

“అతుకు పక్కనే సన్నగా కుట్టుకుంటూ పోతే ఆవిడ కుట్టు అలాగే ఉంటుంది. డిజైనంటూ ఏమీ ఉండదు మరి.”

“అదే కావాలి.” ఆమె ముఖం తేటపడింది. “ఎప్పటికవుతుంది?”

“మెషీన్ మీదైతే రేపే.”

“రేపేనా,” అంది నీరసంగా.

అతను తలెత్తి చూశాడు. ఆమె వాన వైపు చూస్తోంది.

“ఇంటికెళ్తే పలకరించే దిక్కుండదు. ఇక్కడైతే విసుక్కోడానికైనా మీరుంటారు.”

“ఆ విసుగంతా నటనేనండీ,” అన్నాడు మెల్లగా. “సాయంత్రమైతే నా చూపు గుమ్మం మీదే ఉంటుంది. మీరు రాకపోతే పని సాగదు.”

ఆమె బొంత అంచు సవరించింది.

“చేత్తో కుడితే?”

“నేనొక్కణ్ణే అయితే చలికాలం దాటుతుంది.”

“ఇద్దరం కుడితే?”

“ఇంకా ఆలస్యమవుతుంది. మాటల్లో పడతాంగా.”

ఆమె నవ్వింది. స్టూలు బల్ల దగ్గరికి లాక్కుని, సూది కోసం చెయ్యి చాపింది.