పేరులో గోధుమ

రొట్టె మళ్ళీ విరిగిపోయింది. ఈసారి పీటకు అతుక్కుని ముక్కలు ముక్కలయింది.

బుష్రాకు ఏడుపు ఒక్కటే తక్కువ. పొద్దున అమ్మీ చేస్తానంటే, "వద్దు, నీలికి నేనే చేస్త!" అని గొప్పలు పోయింది మరి. ఐదో తరగతి పిల్లకు ఆ మాత్రం గొప్పలు ఉండవా?

నీలి ముందు గదిలో ఎదురుచూస్తోంది. బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. నీలిది ఊరి పక్క తండా. పోయిన ఏడాదంతా ఆ పిల్లకు కడుపునొప్పే. చివరికి పెద్ద దవాఖానలో పరీక్షలు చేసి, గోధుమలు ఒంటికి పడవని చెప్పారు. ఇక చపాతీ లేదు, పూరీ లేదు, బిస్కెట్ కూడా లేదు. రంజాన్ నాడు అందరూ సేమియా పాయసం తాగుతుంటే, నీలి ఖర్జూరం చప్పరిస్తూ కూర్చుంది. అది చూసి బుష్రా మనసు చివుక్కుమంది.

అందుకే అమ్మీ గుల్షన్ బేగం హైదరాబాద్ నుంచి ఒక ప్యాకెట్ తెచ్చింది. దాని పేరు కుట్టు పిండి.

"కుట్టు పిండా? నీ మిషన్‌కు పెడ్తవా అమ్మీ?" అని బుష్రా పడీపడీ నవ్వింది. అమ్మీ బట్టలు కుడుతుంది కదా!

ఇప్పుడు నవ్వు రావడం లేదు. ప్యాకెట్ తిప్పి చూసింది. ఇంగ్లీషులో ఇంకో పేరుంది. కూడబలుక్కుని చదివింది. బక్... వీట్.

వీట్ అంటే గోధుమ అని టీచర్ చెప్పింది. "అంటే గిది గూడ గోధుమనే! నీలికి పడే రకమన్నట్టు. ఇంట్ల గోధుమపిండి గూడ పిడికెడు కలిపితే ఏమైతది?"

అమ్మీని అడగనే లేదు. చపాతీ పిండి డబ్బా తీసి, పిడికెడు కలిపింది. ముద్ద మెత్తగా కుదిరింది. పెనం మీద రొట్టె బూరెలా పొంగింది.

పళ్ళెంతో పాటు ప్యాకెట్ కూడా తెచ్చి నీలి ముందు పెట్టింది. నీలి కళ్ళు మెరిశాయి. అంతలోనే పక్కనున్న ప్యాకెట్ మీద పేరు చూసి ఆగింది.

"పేరు చూసి పరేషాన్ గాకు బేటా," అంది మిషన్ తొక్కుతూ గుల్షన్ బేగం. "పేరుల వీట్ ఉన్నది గని, గిది గోధుమ కాదు. వేరే మొక్క గింజ. దుకాణంల గట్టిగ అడిగి తెచ్చిన. పీచు ఉంటది, బలం గూడ. దోసెలు పోసుకోవచ్చు, గింజలతోని ఉప్మా చేసుకోవచ్చు."

డబ్బాలోంచి తీసి కలిపిన పిడికెడు బుష్రాకు గుర్తొచ్చింది.

"మా యాడి బయట ఏదీ తిననియ్యది ఆంటీ," అంది నీలి. తండాలో అమ్మను యాడి అంటారు. "బుష్రా పెడితే తిను అన్నది."

నీలి ముక్క తుంచింది. ఇప్పుడు చెబితే ఇక ఈ ఇంట్లో ఏమీ ముట్టదేమో అనుకుంది బుష్రా. చెప్పకపోతే?

"తినకు!" బుష్రా పళ్ళెం లాగేసుకుంది. చేతిలో ముక్క కూడా.

నీలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పెట్టుడు ఇష్టం లేకుంటే ముందే చెప్పరాదు?"

"గట్ల కాదే! గోధుమపిండి కలిపిన. గిది గూడ గోధుమే అనుకున్న."

మిషన్ ఆగింది. అమ్మీ తిట్టలేదు. "నన్ను ఒక్క మాట అడుగకపోతివి బేటీ," అంది. తిట్టినా బాగుండేదని బుష్రాకు అనిపించింది.

"నేను ఇంటికి పోత," అంటూ నీలి గడప దాకా వెళ్ళింది.

"జర ఆగు నీలీ."

బుష్రా పీటను, కర్రను పక్కన పెట్టేసింది. పెనం సబ్బుతో తోమింది. చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. వెడల్పాటి స్టీలు పళ్ళెం కడిగి తెచ్చింది.

"అమ్మీ, విరగకుంట ఎట్ల చెయ్యాలె?"

"ఉడికిన ఆలుగడ్డ మెదిపి కలుపు."

బుష్రా ప్యాకెట్‌లోంచి కొత్తగా పిండి తీసి, అలాగే కలిపి ఒత్తసాగింది. అంచులు ఇంకా చీలుతున్నాయి. నీలి గడప దగ్గరే నిలబడి చూసింది. చూసి చూసి ఆగలేకపోయింది.

"గట్ల ఒత్తుతరా? జొన్న రొట్టె లెక్క చేత్తోని కొట్టాలె. తడి చెయ్యి పెట్టు!"

నీలి కూడా చేతులు కడుక్కుని వచ్చింది, ఇద్దరూ కలిసి కొట్టారు. రొట్టె గుండ్రంగా రాలేదు, పొంగలేదు. బుష్రా దాన్ని నీలి ముందు పెట్టింది.

"కుట్టు పిండి, ఆలుగడ్డ, ఉప్పు, నీళ్ళు. ఇంకేం లేదు."

నీలి ఆమె ముఖంలోకి చూసింది. పెద్ద ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది.

"జర ఉప్పు తక్కువైంది," అంది, బుగ్గ నిండా రొట్టెతో.