పసుపు తలపాగాల సైన్యం

"నా సైన్యాన్ని మార్చేస్తన్నారమ్మా!" అన్నాడు ముసలాయన, గుమ్మంలోనే నిలబడి.

భిలాయి సుపేలా బజార్లో మిఠాయి కొట్టు మీదున్న ఆ గదికి ఇన్నేళ్ళలో రకరకాల మనుషులు వచ్చారు. పెళ్ళికొడుకు ఉద్యోగం నిజమా కాదా అని తెలుసుకోవాలనుకునే తండ్రులే ఎక్కువ. సైన్యం పోయిందని వచ్చినవాడు మాత్రం ఈయనొక్కడే. అసిస్టెంట్ ఎబెన్‌కి నవ్వు తన్నుకొచ్చింది. డిటెక్టివ్ లక్ష్మీప్రసన్న నవ్వలేదు. కుర్చీ చూపించింది, ఆయన కదల్లేదు. "కూర్చోండి బాబాయ్" అని నోటితో చెప్పాకే వచ్చి కూర్చున్నాడు.

పేరు నరసింగరావు. స్టీల్ ప్లాంటు ఫౌండ్రీలో పోత అచ్చులు చేసే పేటర్న్ మేకర్‌గా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు కోహ్కాలో సొంత ఇల్లు. ఒళ్ళో ఉన్న స్టీలు డబ్బా మూత తీసి, దూదిలోంచి బొటనవేలంత సైనికులిద్దర్ని తీసి బల్ల మీద నిలబెట్టాడు. పసుపు తలపాగా, తెల్ల అంగరఖా, భుజాన తుపాకీ. మీసం కూడా ఉంది.

"పద్మనాభం యుద్ధం అమ్మా. పదిహేడొందల తొంభై నాలుగు. ఇజీనారం రాజు ఒక పక్క, కుంపిణీ దొరలు ఒక పక్క. గంట సేపట్లో మావోళ్ళు ఓడిపోనారు. మేం ఏటి సేస్తామంటే, బల్ల మీద కొండలూ సెట్లూ పెట్టి, పాచికలేసి మళ్ళీ ఆడతాం. ఇజీనారం నాది, కుంపిణీ నా నేస్తం హార్వేది. ఇరవయ్యారేళ్ళ నుంచి ఇదే పని."

"ఇవన్నీ మీరే చేశారా?"

"ఆరొందల మంది! సీసం, తగరం కరిగించి నేనే పోత పోసినాను. రంగూ నేనే. మాకొక కట్టుబాటుందమ్మా. ఎవడి సైన్యానికి ఆడే రంగెయ్యాల. ఒకడి బొమ్మ మీద ఇంకొకడి కుంచె పడకూడదు. పడితే ఆ కుంచె పట్టినోడు ఓడిపోనట్టే."

"మరి మారిందని ఎలా తెలిసింది?"

నరసింగరావు ఒక సైనికుణ్ణి తీసుకుని వీపు మీద బొటనవేలు రాశాడు. "ఇది నా పని. ఉల్లిపొర లాగ ఉంటాది నా పూత. ఇంకొకటి సూడు, మందం. ఇది నాది కాదు. నావి ఎత్తుకుపోయి నకిలీలు పెడతన్నారు. ఇలగ నలభై తేలాయి. ఇంత పనితనం భిలాయిలో ఒక్కడికే ఉంది." బొమ్మని బల్ల మీద పెట్టి, "హార్వేకి" అన్నాడు. "నెల రోజులైంది ఆడికి తలుపు తీయడం మానేసి. ఆడో కాదో నువ్వు తేల్సమ్మా. ఆడే అయితే ఆరొందల మందినీ మూసలో ఏసి కరిగించేస్తాను. ఆడి మొహం మళ్ళీ సూడను."

ఆయన వెళ్ళాక లక్ష్మీప్రసన్న బొమ్మలు తిరగేసింది. అడుగున సూదితో గీసిన నంబర్లున్నాయి, రెండింటి మీదా ఒకటే చేతిరాత. ఎబెన్‌ని కిందికి పంపి మిఠాయి కొట్టు తూకంలో పెట్టించింది. రెండూ ఒకటే బరువు తూగాయి.

"దీదీ, నకిలీ చేసినవాడు పక్కా కళాకార్!" అన్నాడు ఎబెన్.

"నకిలీ అని నీకెవరు చెప్పారు?" అందావిడ.

ఆవిడ అలా అందంటే లోపల ఏదో ఉడుకుతోందని అతనికి తెలుసు. ఎబెన్‌కి దేవుడి మీద ఎంత నమ్మకమో లక్ష్మీప్రసన్న బుర్ర మీదా అంతే నమ్మకం.

మర్నాడు కోహ్కా వెళ్ళారు. మిట్టమధ్యాహ్నం ఎండ గదినిండా పడుతున్నా రంగులేసే బల్ల మీద మూడు బల్బులు వెలుగుతున్నాయి. "ఈ మధ్య బల్బులన్నీ దిక్కుమాలినవే ఒస్తన్నాయి" అని విసుక్కున్నాడు నరసింగరావు. భార్య నూకమ్మ టీ తెచ్చింది. వచ్చినవాళ్ళ గ్లాసులు బల్ల మీద పెట్టింది. మొగుడి గ్లాసు మాత్రం చేతిలో పెట్టి, వేళ్ళు దాని చుట్టూ మడిచి మరీ వదిలింది.

"అల్మారా తాళం ఎక్కడుంటుంది బాబాయ్?"

"నా మొలతాడుకే. తానం సేసేటప్పుడు మేకుకి తగిలిస్తాను, అంతే."

"ఇంట్లోకి ఎవరొస్తారు పిన్నీ?"

"ఎవులొస్తారమ్మా!" అంది నూకమ్మ, ట్రే ఎత్తుకుంటూ. "ఆ హార్వే బాబు ఒచ్చీవోడు. ఈయన రానివ్వట్లేదు. నేనేటి సెప్పినా ఇనరు." శనివారాలు సెక్టర్ 7లో చెల్లెలింటికి టిఫిన్ కేరియర్ పట్టుకుని వెళ్ళడం తప్ప తను గడప దాటనని కూడా చెప్పింది. చెప్పినంతసేపూ చీర కొంగు నలుపుతూనే ఉంది.

ఈ ఆటకి మూడో మనిషి ఒకడున్నాడు, మనోజ్‌కుమార్. నెహ్రూనగర్లో ఫొటో స్టూడియో అతనిది. ఆట నడిచేటప్పుడు తగవు తీర్చేవాడు అతనే. మొత్తం సైన్యాన్ని ఏదైనా మ్యూజియానికి ఇప్పిద్దామని నరసింగరావు వెంట పడ్డాడు కూడా. ఎబెన్ దృష్టిలో అతనే దొంగ. స్టూడియోకి వెళ్ళి అదే అడిగారు.

"దొంగతనమా? క్యా బాత్ కర్తే హో భయ్యా, అవేం మాటలు!" అని మనోజ్ ఉలిక్కిపడ్డాడు. "మ్యూజియం వాళ్ళకి పంపడానికి ఫొటోలు తీశాను, అంతే. అంకుల్ రంగేసిన మర్నాడే తీశాను. పంపలేదు."

"ఎందుకు?"

మనోజ్ ఫోను తీసి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ ఒక్కో ఫొటో పెద్దది చేసి చూసింది. తలపాగా పసుపు చెంపల మీదికి కారింది. కళ్ళుండాల్సిన చుక్కలు ఒకటి ముక్కు మీద, ఒకటి చెవి దగ్గర పడ్డాయి. ఆఖరి ఫొటోలో అడుగు నంబరు మూడు వందల పన్నెండు. నరసింగరావు నకిలీ అన్న ఆ మూడు వందల పన్నెండో బొమ్మ ఇప్పుడు ఎబెన్ జేబులోనే ఉంది, చక్కటి కళ్ళతో, చక్కటి మీసంతో.

"అంకుల్‌కి చెప్పలేదా?"

"ఎలా చెప్తాను దీదీ? పెద్దాయన. బురా మాన్ జాతే, నొచ్చుకునేవారు."

హార్వే సెక్టర్ 7లో కొడుకు క్వార్టర్లో ఉంటున్నాడు. కాకినాడ దగ్గరి మనిషి, బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఫోర్‌మన్‌గా చేశాడు. గాజు బీరువాలో కుంపిణీ సిపాయిలు వరసగా నిలబడ్డారు. ఎర్ర కోట్లు, తెల్ల పంట్లాలు, నల్ల టోపీలు. కిటికీ దగ్గర బల్ల మీద రంగులు కలుపుకునే పింగాణీ పలక ఉంది. దాని మీద ఎరుపు, తెలుపు, నలుపు మరకలున్నాయి. అంచున ఇంకా తడి ఆరని పసుపు కూడా ఉంది.

"నరసింగరావుగారు మిమ్మల్ని దొంగ అంటున్నారు" అంది లక్ష్మీప్రసన్న.

"వాడన్నాడంటే అదే నిజం అనుకోండమ్మా" అన్నాడు హార్వే. పలక మీద గబుక్కున గుడ్డ కప్పాడు. "బాగున్నాడాండీ? మాత్రలు వేసుకుంటున్నాడా?"

బయటికొచ్చాక ఎబెన్ కోపంగా అన్నాడు: "దీదీ, ఒప్పేసుకున్నట్టే కదా!" శుక్రవారం లక్ష్మీప్రసన్న నరసింగరావుని స్కూటీ ఎక్కించుకుని ఎక్కడికో వెళ్ళింది. ఎబెన్‌ని రావద్దంది. సాయంత్రం తిరిగొచ్చి టీ కూడా తాగలేదు.

ఆదివారం నాలుగింటికి కోహ్కా ఇంట్లో అందరూ చేరారు. మబ్బు పట్టి గది చీకటిగా ఉంది. నరసింగరావు కుర్చీలో, నూకమ్మ వంటింటి గుమ్మంలో, మనోజ్ కిటికీ దగ్గర, ఎబెన్ ఇంకో కుర్చీలో. ఎవరూ కూర్చోమనలేదు కాబట్టి హార్వే వీధి తలుపు దగ్గరే నిలబడ్డాడు. లక్ష్మీప్రసన్న గొంతు సవరించుకునేలోగా అతనే అందుకున్నాడు.

"ఇంతమంది దేనికమ్మా? నేనే తీశాను. వాడి పని చూసి కుళ్ళుకున్నాను. నా దగ్గరే ఉన్నాయి, తెచ్చిచ్చేస్తాను."

"ఏం తెచ్చిస్తారు హార్వేగారూ? ఒక్క బొమ్మ కూడా పోలేదు కదా," అందావిడ. "నంబర్లు నరసింగరావుగారు గీసినవే, లోహం ఆయన పోసిందే. మారింది పైపూత. ఆయన వేసిన రంగు మీద ఇంకొకరు మళ్ళీ వేశారు, అందుకే మందం. శనివారాలు ఈయన స్నానానికి వెళ్ళగానే నూకమ్మ పిన్ని మేకు మీది తాళం తీసేది. ఆ వారం బొమ్మలు టిఫిన్ కేరియర్లో సెక్టర్ 7 చేరేవి. ఎర్ర కోట్లు తప్ప వెయ్యని హార్వేగారి పలక మీద పసుపెందుకుంది? ఇరవయ్యారేళ్ళ కట్టుబాటు తప్పి, ఆయన తన శత్రువు సైన్యానికి తలపాగాలు దిద్దారు. మరుసటి శనివారం బొమ్మలు అల్మారాలోకి వచ్చేసేవి. నెల నుంచి వీధి తలుపు మూసినా కేరియర్ ఆగలేదు."

"ఎందుకూ?" అన్నాడు ఎబెన్, ఆపుకోలేక.

"ఒద్దమ్మా!" అంది నూకమ్మ. "నీకు దణ్ణం పెడతాను, ఒద్దు. ఆయన తట్టుకోలేరు."

"నాకు తెలుసే," అన్నాడు నరసింగరావు.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"శుక్కురారం ఈ తల్లి నన్ను కళ్ళ డాక్టరు కాడికి తీసుకెళ్ళింది. నీటికాసులంట, గ్లకోమా అంటారంట. కుడికన్ను పోనాది. ఎడంకంట్లో గడ్డిపరకంత సందుంది, అదీ ఎన్నాళ్ళో తెల్దు. నేను బల్బులు మారుస్తా కూకున్నాను, ఎర్రినాకొడుకుని!" ఆయన తలుపు వైపు మొహం తిప్పాడు. "ఎప్పట్నుంచి దిద్దతన్నావురా?"

"ముందటేడు క్రిస్మస్ నుంచిరా," అన్నాడు హార్వే. "పద్ధెనిమిది నెలలు. ముందు ఒకటీ అరా. కళ్ళజోడు మారిస్తే సరిపోతుందనుకున్నాను. తర్వాత నూకమ్మ చెల్లెమ్మా నేనూ రోజూ అనుకునేవాళ్ళం, ఇవాళ చెబుదాం, రేపు చెబుదామని. నీకు ఉన్నది ఈ పని ఒక్కటే. నీ చేతిలోంచి కుంచె నేనెలా లాక్కోనురా?"

"డాక్టరేటన్నాడో తెలుసా? పోయినేడాది ఒచ్చుంటే ఆపీవోణ్ణి అన్నాడు. పోయింది పోయిందే, ఇక రాదన్నాడు."

హార్వే గోడ పట్టుకున్నాడు. నూకమ్మ గుమ్మంలోనే కూలబడి, "ఓలమ్మో, నా సేతులతోనే సేసేసుకున్నాను" అని గుండెలు బాదుకుంది. మనోజ్ తన ఫోనుని జేబులోకి తోసేసి నేల చూశాడు. ఆ ఫొటోలు నాలుగు నెలలుగా అతని దగ్గరే ఉన్నాయి.

"బొమ్మకి కన్ను తప్పు పడితే దిద్దినావు," అన్నాడు నరసింగరావు. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది ఎబెన్‌కి. "నా కన్ను తప్పు పడితే ఒక్క మాట సెప్పలేకపోనావేటిరా? ఇరవయ్యారేళ్ళు బల్లకి అటుపక్క నిలబడి, నేను ఒక్క అడుగు ఎక్కువ జరిపితే లేసి దెబ్బలాడినోడివి! తిట్టుంటే పోయేది కదా. గుడ్డోడా, నీకు కనపడ్డం లేదురా అని తిట్టుంటే, ఆ కోపానికైనా డాక్టరు కాడికి ఎల్లుందును."

లక్ష్మీప్రసన్న చెప్పాల్సింది అయిపోయింది. దొంగ దొరికిన రోజున ఆవిడ మొహంలో ఉండే తృప్తి కోసం అలవాటుగా చూసిన ఎబెన్, అది కనపడక తల దించుకున్నాడు. ఇన్ని కేసుల్లో మొదటిసారి అతనికి ఆవిడ మీద జాలేసింది.

బయట చినుకులు మొదలయ్యాయి. నరసింగరావు చెయ్యి చాపి గాలిలో వెతికాడు. లక్ష్మీప్రసన్న ఆ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నువ్వు అబద్ధం ఆడవు కదా. తలుపు కాడ ఏటీ కనపడ్డం లేదు నాకు. ఎల్లిపోనాడా ఆడు?"

"లేదు బాబాయ్. ఉన్నారు."

"ఏడస్తన్నాడా? సప్పుడు ఇనపడ్డం లేదు."

"నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు."

నరసింగరావు ఆవిడ చెయ్యి వదిలాడు.

"అయితే ఆడిని లోపలికొచ్చి కూకోమను," అన్నాడు. "ఇంకా నిలబెట్టే ఉంచారేటి."

ఎబెన్ లేచి తన కుర్చీ ఇచ్చాడు.