నాయన కత్తి తూకం

మంగళవారం మా సెలూన్‌కు సెలవు. శ్రీకాళహస్తిలో నాకు తెలిసిన మంగళ్లెవరూ ఆ రోజు కత్తి పట్టరు. పట్టినా చెప్పుకోరు. నేను పట్టాను. తప్పు నాదే.

మా నాయన కుప్పయ్య నాకు మొదట నేర్పింది గడ్డం గీయడం కాదు, కత్తిని తూచడం. కత్తి అంచుండే అలుగూ పిడీ కలిసేచోట కింద ఒక వేలు పెట్టేవాడు. ఏ వైపూ వాలకుండా నిలిస్తే అది మంచి కత్తి.

"సేతిలో ఉండేదే తెలియగూడదురా మునిచంద్రా. కానీ బొత్తిగా బరువే లేదనిపిస్తే కింద పెట్టెయ్. అప్పుడు దాన్ని పట్టుకొనుండేది నువ్వు గాదు" అనేవాడు. ముసలాయన చాదస్తం అనుకునేవాణ్ణి.

ఆయన దగ్గర తెల్లగుడ్డలో చుట్టిన కత్తి ఒకటి ఉండేది. అది పోయినవాళ్లకు మాత్రమే. బతికున్నవాళ్ల ఒంటికి తగలకూడదు. శవానికి గడ్డం గీసినప్పుడు ఎడమ చెవి కింద గోరంత వెంట్రుకలు వదిలేసేవాడు. ఎందుకని అడిగితే, "ఆ లోకంలో పోయినోళ్లను గుర్తు పట్టాల గదరా" అన్నాడు.

పోయినేడాది అదే కత్తితో ఆయనకు చివరి గడ్డం గీశాను. తర్వాత దాన్ని స్వర్ణముఖి ఏట్లో వదిలేయాలి. మనసొప్పలేదు. అంత చక్కని తూకం మళ్లీ దొరకదని ఆశ.

ఆ మంగళవారం మధ్యాహ్నం మా వీధి కుర్రాడు విజయ్ కుమార్ వచ్చాడు. సాయంత్రం నాయుడుపేటలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ అట.

"ఈ మొగంతో పోతే గేటుకాడే తరిమేస్తారన్నా. నీ మాదిరి మూడు దినాల గడ్డంతో తిరిగితే నాకు జరగదు" అని నవ్వాడు.

వాణ్ణి లోపలికి లాగి షట్టరు దించాను. కరెంటు లేదు. బ్యాటరీ లైటు పెట్టాను. కొత్త బ్లేడ్లు సొరుగులోనే ఉన్నాయి. అయినా నా చేయి తెల్లగుడ్డ మీదికి పోయింది. పనితనం చూపించాలన్న పొగరు, ఇంకేం కాదు.

కుడి చెంప మీద కత్తి వెన్నలో దిగినట్టు నడిచింది. ఉక్క, సబ్బు నురగ వాసన, గీత గీతకీ సన్నటి గరగర. విజయ్ కళ్లు మూసుకుని తల వెనక్కి వాల్చాడు. కత్తి గొంతు దగ్గరికి వచ్చింది.

బరువు పోయింది.

కింద పెట్టబోయాను. చేయి రాలేదు. వేళ్లు వదులు చేశాను... కత్తి ఆగలేదు. నా చేయే దాని వెంట పోతోంది.

సబ్బు వాసన లేదు. పసుపు, అగరొత్తులు... నాయన శవం దగ్గర వచ్చిన వాసన. కత్తి నీళ్లు లేకుండా ఎదురు గీస్తోంది. పోయినవాళ్లకు గీసినట్టు.

"అన్నా... నీ సెయ్యేంది ఇంత సల్లగా ఉండాది?"

"కదలొద్దు..."

షట్టరు నాలుగడుగుల దూరం. అయినా పోలేను. అరిస్తే వీడు ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడితే గొంతు తెగుతుంది. నాకు ఏడుపొచ్చింది.

"నాయనా... తప్పు నాది. వాణ్ణి వదిలెయ్" అని గొణిగాను.

కత్తి ఆగింది. మెల్లగా బరువు తిరిగొచ్చింది. విజయ్ ఒంటిమీద గాటు లేదు. ఎడమ చెవి కింద మాత్రం గోరంత వెంట్రుకలు మిగిలాయి.

కత్తి పారేసి, కొత్త బ్లేడు తీసి, ఆ గుర్తును గీకేశాను. వాడు నా ముఖం చూసి కుర్చీలోంచి దూకాడు. షట్టరు ఎత్తి బయటికి పరుగెత్తాడు. వెనకే అది దభాలున పడింది. లైటు ఆరిపోయింది.

ఎత్తబోయాను. కదల్లేదు. మళ్లీ ఎత్తాను. గుద్దాను. పిలిచాను...

చీకట్లో చల్లటి బొటనవేలొకటి నా గడ్డం కింద ఆని, తల పైకెత్తింది.

పక్క పూలకొట్టు మునెమ్మ షట్టరు ఎత్తినప్పుడు నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఎండ కళ్లలో పడింది. ఆమె నన్ను ఎగాదిగా చూసి నవ్వింది.

"మంగళారం పూట నీకెవురప్పా గడ్డం గీసింది, ఇంత నున్నగా?"

చెంప తడుముకున్నాను. తర్వాత, ఎడమ చెవి కింద.