ఆ కుర్చీలో అడగకూడని ప్రశ్న

షట్టరు పైకి లేపగానే అమ్మ చేసే మొదటి పని అద్దాలు తుడవడం. షోకేసు అద్దం, గోడ అద్దం, ఆఖరికి తన ముక్కు మీదున్నవి కూడా. రెండో పని కూతుర్ని కేకెయ్యడం.

"సోడా! చార్టు లైటు వెయ్యి!"

ఒకటో క్లాసులో సోడాబుడ్డి కళ్ళజోడు పెట్టుకుని బడికెళ్ళిన రోజున పడ్డ పేరది. ఇప్పుడు అద్దాలు పల్చబడ్డాయి, అమ్మాయి కళ్ళు పరీక్షించే చదువు, ఆప్టోమెట్రీ, మూడో ఏడాదికొచ్చింది, పేరు మాత్రం జిగురులా అతుక్కుపోయింది. కళ్ళజోళ్ళ షాపు ముందుగదిలో అమ్మ కళ్ళు పరీక్ష చేస్తుంది, వెనకగదిలో నాన్న మిషను మీద అద్దాలు అరగదీస్తాడు, కాలేజీ లేని పూటల్లా సోడా ఇద్దరి మధ్యా పరిగెడుతుంది. వచ్చే ఏడాది పట్టా చేతికొస్తే ముందుగదిలో ఆ నల్లకుర్చీ పక్కన నిలబడాల్సింది సోడాయే. బయట బోర్డు మీద అమ్మ పేరు పక్కన ఇంకో పేరుకి జాగా కూడా వదిలి ఉంచారు.

ఆ కుర్చీకో రూలుంది. అందులో కూర్చున్న మనిషిని "మీకు చదవడం వచ్చా?" అని అడగకూడదు. షాపు తెరిచిన కొత్తలో ఒక పెద్దాయన్ని అమ్మ మామూలుగానే అడిగింది. ఆయన మొహం కందగడ్డలా అయిపోయింది, లేచి వెళ్ళిపోయాడు, మళ్ళీ ఆ వీధిలో కనబడలేదు. ఆ రోజు నుంచీ అమ్మ నోట ఆ మాట రాలేదు. ఎవరొచ్చినా సరే, అక్షరాల చార్టు ముందు మర్యాదగా కూర్చోబెట్టడమే.

ఆ ఉదయం మొదటి బేరం ఒక ప్రొఫెసరుగారు. ఆయన్ని చూడగానే సోడా చటుక్కున ఫ్రేముల స్టాండు వెనక్కి దూరింది.

"ఇది బాగుందా, ముందుది బాగుందా?" అమ్మ అద్దం మార్చి అడిగింది.

"ముందుదేనండీ."

"ఇప్పుడో?"

"ఇది బాగుంది. భలే తేటగా ఉంది. అరే, ఆ స్టాండు వెనక మా స్టూడెంటు కదూ! మీ అమ్మాయా? మా గ్లోబల్ స్టడీస్ క్లాసులో ముందు బెంచీ. ప్రశ్నలతో నన్ను చంపుకు తింటుందనుకోండి! ఒక డిగ్రీ మోయడానికే పిల్లలు మూలుగుతుంటే, రెండోది కూడా నెత్తికెత్తుకుందంటే మాటలా?"

అమ్మ చెయ్యి గాల్లో ఆగింది.

"ఇది బాగుందా, ముందుది బాగుందా?" అంది మళ్ళీ, గొంతు ఏమాత్రం మారకుండా.

"మీరింకా ఏం మార్చలేదండీ," అన్నాడు ప్రొఫెసరు, అమాయకంగా.

ఆయన అటు వెళ్ళాడో లేదో తుఫాను ఇటు వచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచే?"

"చేరి రెండు సెమిస్టర్లయింది."

"రెండు సెమిస్టర్లా! కళ్ళ ముందు తిరుగుతూ నా కళ్ళకే గంతలు కట్టావన్నమాట! ఊళ్ళోవాళ్ళ చూపంతా సరిచేసేదాన్ని, నా ఇంట్లో ఏం జరుగుతోందో నాకే కనబడలేదు. ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఇలాగే అరుస్తావని."

"అరవక హారతిస్తానా! అయితే చదువు ఇంకో ఏడాది సాగుతుందన్నమాట. ఆ చదువుతో ఏం చేస్తావో ముందు అది చెప్పు."

"మనుషులు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఎందుకెళ్తారు, వెళ్ళాక వాళ్ళకేమవుతుంది, ఎక్కడో తీసుకున్న నిర్ణయం మన వీధిదాకా ఎలా వస్తుంది... అమ్మా, నీకెలా చెప్పాలి! అది వింటుంటే నాకు కూర్చోబుద్ధి కాదు!"

"కూర్చోబుద్ధి కాకపోతే లేచి వచ్చెయ్. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నీకింకా కుర్చీ ఎత్తు సరిచెయ్యడం రాలేదు, ప్రపంచాన్ని సరిచేస్తావా?"

వెనకగదిలో మిషను ఆగింది. నాన్న తలుపులోంచి తల పెట్టాడు. "అదికాదే, ఒకే అద్దంలో పైన దూరపుచూపు, కింద దగ్గరచూపు పెట్టి నేను ఇవ్వట్లేదూ? పిల్ల కూడా అలాగే..."

"మీరూరుకోండి!" అంది అమ్మ.

"నాన్నా, పోలికలు వద్దు ప్లీజ్!" అంది సోడా.

తల వెనక్కి వెళ్ళిపోయింది. ఆ ఒక్క విషయంలో తల్లీకూతుళ్ళది ఒకే మాట.

అమ్మ కుర్చీ వీపు మీద చెయ్యేసి నిలబడింది. "రెండు పడవల మీద కాళ్ళేస్తే నీళ్ళలో పడతావు. ఈ వారంలో కాలేజీకెళ్ళి ఆ రెండోది మానేస్తున్నానని చెప్పిరా. ఇదా, అదా? తేల్చుకో."

"రెండూ."

"ఏమిటీ?"

"రెండూ అన్నాను. ఇదీ కావాలి, అదీ కావాలి. నువ్వు అద్దం మార్చి మార్చి అడిగినా నా జవాబు మారదు."

"అయితే నువ్వు ఈ కుర్చీ దగ్గరికి రావద్దు. బోర్డు మీద జాగా ఖాళీగానే ఉంటుంది."

ఆ పూట ఇంట్లో ముగ్గురూ తిన్నారు, ఎవరూ మాట్లాడలేదు. గిన్నెలు మాత్రం మాట్లాడాయి, గట్టిగానే.

మర్నాడు సోడా కావాలనే షాపుకొచ్చింది. రావద్దన్నది కుర్చీ దగ్గరికి కదా, షాపులోకి కాదు! స్టాండు పక్కన నిలబడి, తుడిచిన ఫ్రేములే మళ్ళీ తుడుస్తూ, గడ్డం పైకెత్తి ఉంది. అమ్మ అటు చూడలేదు.

అప్పుడొచ్చింది లాండ్రీ ఆవిడ. ఎదురు బిల్డింగు మూడో అంతస్తులోని లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఏదో దూరదేశం నుంచి ఈమధ్యే వచ్చింది. మాట కూడబలుక్కుంటూ వస్తుంది. కిందటివారం తలనొప్పని వస్తే అమ్మ పరీక్ష చేసింది. కంటి మిషనులో చూస్తే పవరేమీ లేదు, చార్టు ముందు మాత్రం పై అక్షరం కూడా కనబడట్లేదంది. ఇది కంటినరం జబ్బేమో, పెద్దాసుపత్రికి వెళ్ళమని అమ్మ పంపించింది.

ఆవిడ వెళ్ళలేదు. మొహం పీక్కుపోయి ఉంది.

"నాకు చూపు పోతుందా, డాక్టరమ్మా? పోతే పని తీసేస్తారు. నిజం చెప్పండి."

"భయపడకండి. కూర్చోండి, పెద్దాసుపత్రిలో తెలిసినవాళ్ళకి ఫోను చేస్తాను," అని అమ్మ వెనకగదిలోకి వెళ్ళింది.

ఆవిడ గాజుతలుపు వైపు తిరిగి కూర్చుంది. కాసేపటికి ఉన్నట్టుండి లేచి, పైకి చూస్తూ చెయ్యి ఊపింది. అంత దిగుల్లోనూ ఫక్కున నవ్వింది.

"ఏమైందండీ?" అంది సోడా.

"అదిగో, నా స్నేహితురాలు. నా శాలువా కప్పుకుంది, దొంగ!"

సోడా తలెత్తి చూసింది. రోడ్డుకి అవతల, మూడో అంతస్తు కిటికీలో, బొటనవేలంత ఆకారం. శాలువా సంగతి దేవుడెరుగు, అది మనిషో పరదానో కూడా సోడాకి సరిగ్గా తెలియలేదు!

అంత దూరాన శాలువా గుర్తుపట్టిన మనిషికి చార్టులో పై అక్షరం కనబడలేదా! క్లాసులో విన్న మాట ఒకటి చెవిలో మోగింది. సరిహద్దు దాటిన మనిషికి మొదట మాయమైపోయేది తన చదువేనని.

రూలు గుర్తొచ్చింది. అమ్మ అన్న మాటా గుర్తొచ్చింది. సోడా రెంటినీ పక్కకి నెట్టి, ఆవిడ చెయ్యి పట్టుకుని తిన్నగా నల్లకుర్చీలో కూర్చోబెట్టింది.

"సోడా!" అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో ఫోను. "ఏం చేస్తున్నావ్? ఇవతలికి రా!"

"రాను. కావాలంటే తర్వాత గెంటెయ్యి." సోడా ఆవిడ వైపు తిరిగి మోకాళ్ళ మీద కూర్చుంది. "మీరు బళ్ళో నేర్చుకున్న అక్షరాలు ఈ చార్టులో ఉన్నవేనా, వేరేనా?"

ఆవిడ చార్టుకేసి చూసింది. అమ్మకేసి చూసింది. ఒళ్ళోని సంచీ గట్టిగా పట్టుకుంది.

"వేరే," అంది చివరికి. "మావి వేరే. మా ఊళ్ళో నేను చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని. ఇక్కడ ఏదీ చదవలేను, వీధి పేరు కూడా. సిగ్గేసింది. అందుకే... కనబడట్లేదన్నాను."

అమ్మ చేతిలో ఫోను "హలో, హలో" అంటూనే ఉంది.

సోడా సొరుగు లాగింది. అడుగున పిల్లల చార్టుంది. దాన్నిండా ఇంగ్లీషు E లాంటి మూడుకాళ్ళ గుర్తులు, కాళ్ళు ఎటుంటే అటు చెయ్యి చూపిస్తే చాలు. దాన్ని గోడకి తగిలించి, "కాళ్ళు ఎటున్నాయో చూపించండి టీచరుగారూ," అంది.

పైకి. కిందికి. ఎడమకి. ఆవిడ చెయ్యి తడబడకుండా వరసలు దిగుతూ పోయింది. ఆఖరి వరస, సోడా కళ్ళజోడుతో కూడా చిట్లించి చూసే వరస, అదీ అయిపోయింది.

"మీ చూపు మాకందరికీ అప్పివ్వచ్చు," అంది సోడా. "తలనొప్పి ఆ ఇస్త్రీ ఆవిరి వల్లో, నిద్ర లేకో అయ్యుంటుంది. దానికి మామూలు డాక్టరు చాలు."

ఆవిడ రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేసింది. ఏడుస్తూనే పైకి చూసి, కిటికీలోని శాలువా దొంగకి చెయ్యి ఊపింది.

ఆవిడ వెళ్ళాక అమ్మ కనబడలేదు. సోడా వెనకగదిలోకి వెళితే, అరగదీయని అద్దాల పెట్టెల మధ్య స్టూలు మీద కూర్చుని ఉంది. నాన్న మిషను ఆపేసి, ఏం చెయ్యాలో తోచక మంచినీళ్ళు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ పెద్దాయన లేచి వెళ్ళిపోయాడని ఇన్నేళ్ళూ నోరు కట్టేసుకున్నాను," అంది అమ్మ. "పెద్దవాళ్ళకి పిల్లల చార్టు పెడితే నామోషీ అనుకున్నాను. అదే గౌరవమనుకున్నానే. ఇలా ఎంతమందికి లేని జబ్బు చెప్పి పంపించానో!"

సోడా కింద కూర్చుని అమ్మ మోకాలి మీద గడ్డం ఆనించింది. "నువ్వు మంచికే చేశావమ్మా."

"మంచికే చేస్తే మాత్రం? ఆవిడకి వారం రోజులు నిద్ర లేదు." కొంగుతో కళ్ళు తుడుచుకుంది, అంతలోనే రోషం పొడుచుకొచ్చింది. "అయినా ఆవిడ చెయ్యి ఊపింది, నువ్వు చూశావు. దానికి కళ్ళు చాలు, రెండో డిగ్రీ ఎందుకట?"

"చెయ్యి ఊపడం చూసింది కళ్ళే. ఏం అడగాలో చెప్పింది ఆ క్లాసు. ఆ క్లాసే లేకపోతే నేనూ నీలాగే..." అమ్మ మొహం చూసి సోడా ఆగిపోయింది. మళ్ళీ గడ్డం పైకెత్తింది. "నేను మానను. దాచినందుకు తిట్టు, పడతాను. మానడం మాత్రం జరగదు."

"ఏమండీ, దీనికింత మొండితనం ఎక్కణ్ణించి వచ్చిందంటారు?"

"నన్నడక్కు," అన్నాడు నాన్న. "నేను పోలికలు చెప్పకూడదన్నారు."

అమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నాన్న చేతిలోంచి మంచినీళ్ళు లాక్కుని గటగటా తాగేసింది.

వారం చివర్లో ప్రొఫెసరుగారు కళ్ళజోడు కోసం వచ్చేసరికి షాపులో చిన్న మార్పు కనబడింది. నల్లకుర్చీకి ఎదురుగా అక్షరాల చార్టు లేదు. మూడుకాళ్ళ గుర్తులున్నాయి.

"ఇది పిల్లలది కదండీ?" అన్నాడాయన, కొత్తజోడు సర్దుకుంటూ.

"ఇక నుంచీ అందరిదీ," అంది అమ్మ. "ఎవరొచ్చినా మొదట ఇదే. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు, ఎవరూ తల దించుకోనక్కర్లేదు. కానివ్వండి, చెయ్యి చూపించండి."

ప్రొఫెసరు ట్రాఫిక్ పోలీసులా చేతులు తిప్పుతుంటే స్టాండు వెనక సోడా నోరు మూసుకుని నవ్వాపుకుంది.

"అన్నట్టు," అంది అమ్మ ఆయన కళ్ళజోడు ముక్కు మీద సరిచేస్తూ, "మా అమ్మాయి ప్రశ్నలతో చంపుతోందన్నారు. అలవాటు చేసుకోండి. ఇంకో ఏడాది ఎక్కువ చంపుతుంది. కుర్చీ ఎక్కడికీ పారిపోదు, ఆగుతుంది."

స్టాండు వెనక నవ్వు ఆగిపోయింది. సోడా తడికళ్ళకి ఫ్రేములన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

"సోడా! ఏడుపు ఆపి అద్దాలు తుడుచుకో," అంది అమ్మ, అటు తిరక్కుండానే. "మసకచూపుతో నా కుర్చీ దగ్గరికి రావద్దు."