జాగ మారిన కిడ్నీ

పొద్దున్నే జొన్నరొట్టె కొడుతున్న సోమ్లీ ఉన్నట్టుండి పొత్తికడుపు పట్టుకుని కూలబడింది. పెనం మీద రొట్టె మాడిపోయింది.

"మళ్ళ లేసిందా?" అంది అత్త మంగ్లీ, గడప మీద నుంచే. "గర్భసంచి తీపిచ్చుకోమంటే ఇనవు. నేను ముప్పై ఏండ్లకే తీపిచ్చుకున్న. ఇయ్యాలటికీ మిర్చి చేన్ల నీకన్న ముందే సాలు దాటుత!"

రెండేళ్లుగా ఇదే నొప్పి. అంత కింద నొస్తే ఆడవాళ్లకు గర్భసంచే కారణమని తండాలో అందరి మాట. భర్త హరిలాల్ మానుకోట దవాఖానలో డాక్టర్‌తో సోమవారానికి ఆపరేషన్ మాట్లాడి వచ్చాడు కూడా. దేవుడిచ్చిన దాన్ని సరిగా చూడకుండానే తీయించుకోవాలా అని సోమ్లీ మనసు ఒప్పుకోవడం లేదు.

"స్కానింగ్ తీసినంకనే పోత," అంది చెమట తుడుచుకుంటూ.

"డాక్టర్ చెప్పినంక మళ్ళ స్కానింగేంది?" హరిలాల్ కసిరాడు. "మిర్చి కోతకొచ్చింది. నువ్వు మంచాన పడితే ఎట్ల?"

"కోసేది నా కడుపు. చూడంది కోయనియ్య!"

నర్సింగ్ చదువుతున్న కూతురు గీత తల్లి పక్కన నిలబడింది. "బాపూ, యాడిని నేను తీస్కపోత," అంది తల్లి భుజం మీద చేయి వేసి. "నువ్వు చేన్లకే పో."

వరంగల్ దవాఖానలో డాక్టరమ్మ స్కానింగ్ తెర మీద వేలు పెట్టి చూపింది. గర్భసంచి బాగానే ఉంది. ఎడమ కిడ్నీ మాత్రం పుట్టుకతోనే పైకి చేరకుండా పొత్తికడుపులో ఉండిపోయింది. అందులో రాయి ఉంది.

"కిడ్నీ తీసేస్తరా?" అని అడిగింది సోమ్లీ.

"ఎందుకమ్మా? అది మంచిగ పనిచేస్తోంది. జాగ వేరు, అంతే. మామూలుగా వీపు వైపు నుంచి పోతాం. నీకు పొట్ట మీద మూడు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూస్తూ రాయి ఒక్కటే తీస్తాం."

తండా అంతా కొలిచే సేవాలాల్ మహరాజ్‌ను తలచుకుని సోమ్లీ సంతకం చేసింది.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు ఇల్లు చేరింది. ఆటోకు ఎదురొచ్చి సంచి అందుకున్న హరిలాల్, "ఉత్తగనే గర్భసంచి తీపిచ్చేటోన్ని," అని తల దించుకున్నాడు.

మంగ్లీ కోడలి చీర కొంగు పక్కకు జరిపి మూడు చిన్న పట్టీలు చూసింది. "గింతేనా కోత?" అంది. తర్వాత ఆమె చేయి తన కడుపు మీది పాత మచ్చ మీదికి పోయింది.

"సోమ్లీ, గర్భసంచి తీసినంక కూడ నా నొప్పి పోలేదే."

"గిన్నేండ్లు చెప్పలేదేందత్తా?"

"పోయిందని అందరికి చెప్పిన. మళ్ళ ఏ మొఖంతోని చెప్పాలె?"

సోమ్లీ అత్త చేతిని గట్టిగా పట్టుకుంది. ఇద్దరి కళ్లూ నిండాయి.

"యాడీ, రేపు పొద్దుగాల బస్సుకు నేను తీస్కపోత," అన్నాడు హరిలాల్ తన తల్లితో. "ముందుగాల స్కానింగే."

"మరి మిర్చి?"

"ఆగుతది."